పారిస్‌లో మన పారా జట్టును చూసిన అనుభవం

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేను, 2024 ఆగస్టులో పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 8 దాకా అక్కడ పారాలింపిక్స్ జరుగుతాయని తెలిసే ప్రయాణం తేదీలు కుదుర్చుకున్నాను. మన దేశం నుంచి 84 మంది క్రీడాకారులు 12 క్రీడల్లో పోటీపడటానికి వచ్చారు. రియోకు 19 మందిని, టోక్యోకు 54 మందిని పంపిన దేశానికి ఇది అప్పటిదాకా అతిపెద్ద జట్టు. అందులో మా జిల్లా అమ్మాయి ఒకరున్నారు. పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి మహిళల 400 మీటర్ల పరుగులో దిగుతోందని తెలిసినప్పటి నుంచి, ఆ పరుగును గ్యాలరీలో కూర్చుని చూడాలన్న కోరిక నాలో బలపడింది. ఆ అమ్మాయితో నాకు పరిచయం లేదు, ఆమెకు నేనేమీ నేర్పలేదు. అయితే చదువులో వెనుకబడి, మాట ఆలస్యంగా అర్థమై, పరుగులో మాత్రం అందరికంటే ముందుండే పిల్లలను బడి మైదానాల్లో ఎందరినో చూసినవాడిని కనుక, ఆ పరుగుతో నాకు సంబంధం ఉందనే అనుకున్నాను.

పారా క్రీడలను చూడాలంటే ముందు కొంత చదువుకోవాలని వెళ్లాక తెలిసింది. మామూలు అథ్లెటిక్స్‌లో వంద మీటర్ల పరుగుకు ఒక ఫైనల్ ఉంటుంది. ఇక్కడ అదే వంద మీటర్లకు ఎన్నో ఫైనల్స్ ఉంటాయి, ఒక్కో దాని పక్కన ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. పరుగులకు, దూకుళ్లకు 'టి', విసిరే పోటీలకు 'ఎఫ్' రాస్తారు. 11 నుంచి 13 వరకు చూపు లోపం ఉన్నవారు, 20 అంటే మేధోవైకల్యం ఉన్నవారు, 31 నుంచి 38 వరకు సెరిబ్రల్ పాల్సీ వంటి కారణాల వల్ల కండరాల మీద పట్టు తప్పినవారు, 40, 41 పొట్టితనం ఉన్నవారు, నలభైలలోని మిగిలిన అంకెలు చేతులకో కాళ్లకో లోపం ఉన్నవారు, యాభైలు కూర్చుని పోటీపడేవారు, అరవైలు కృత్రిమ కాలితో పోటీపడేవారు. ప్రతి సమూహంలోనూ అంకె తగ్గేకొద్దీ సాధారణంగా వైకల్యం తీవ్రత ఎక్కువ. మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఇదంతా ఒక పాత నోటుబుక్కులో రాసుకున్నాను. మన క్రీడాకారుల పేర్ల ఎదుట ఏ తరగతి, ఏ రోజు, వారి అత్యుత్తమ ప్రదర్శన ఎంత అన్నవి వరుసగా వేసుకున్నాను. పోటీల షెడ్యూలును ఇలా గళ్లు గీసి రాసుకోవడం మండల స్థాయి ఆటల పోటీలు నడిపిన ప్రతి పీఈటీకీ అలవాటైన పనే.

ఈ వర్గీకరణను అర్థం చేసుకోకుండా పతకాలు మాత్రమే లెక్కపెట్టుకుంటే మన జట్టు ఏం సాధించిందో సగం కూడా తెలియదని నా గట్టి అభిప్రాయం. చేయి లేని మనిషి పరుగెత్తి బరిసె విసిరినప్పుడు శరీరం ఒక పక్కకు ఎలా ఒరుగుతుంది, ఆ ఒరుగును అతను ఎలా దిద్దుకుంటున్నాడు అని చూడటంలోనే ఆట ఉంది. చూసి జాలిపడితే ఆట కనిపించదు.

టికెట్లు మా అమ్మాయి ముందుగానే ఫోనులో తీసిపెట్టింది. "ఏయే రోజులు కావాలో నువ్వే చెప్పు నాన్నా, మళ్లీ మళ్లీ వచ్చేవి కావు" అన్నది. షూటింగ్ పోటీలు పారిస్‌కు చాలా దూరంగా షాటోరూ అనే ఊళ్లో పెట్టారు కాబట్టి అవని లేఖరా టోక్యో తర్వాత మళ్లీ స్వర్ణం గెలవడం, అదే పోటీలో మోనా అగర్వాల్ కాంస్యం గెలవడం టీవీలోనే చూశాను. సెప్టెంబరు 2న ఒక్క రోజులోనే మనవాళ్లకు ఎనిమిది పతకాలు వచ్చాయి. అందులో ఐదు బ్యాడ్మింటన్‌వి, డిస్కస్‌లో, విలువిద్యలో ఒక్కొక్కటి. ఆ రాత్రి సుమిత్ ఆంటిల్ బరిసెను 70.59 మీటర్ల దూరం విసిరి టోక్యో స్వర్ణాన్ని నిలబెట్టుకున్నాడు. రెండు చేతులూ లేకుండా పుట్టి, కాలితో విల్లు పట్టి బాణం వేసే 17 ఏళ్ల శీతల్ దేవి, రాకేశ్ కుమార్‌తో కలిసి 156–155తో ఇటలీ జోడీని ఓడించి కాంస్యం గెలిచిందీ ఆ రోజే. ఒక్క పాయింటు తేడా.

అదే రోజు దీప్తి తన హీట్‌ను, అంటే ఫైనల్‌కు ఎవరు చేరాలో తేల్చే తొలి పరుగును, 55.45 సెకన్లలో ముగించి మొదటి స్థానంతో ఫైనల్‌కు చేరింది. కానీ ఆ హీట్స్‌లోనే టర్కీకి చెందిన ఐసెల్ ఓండెర్ 54.96 సెకన్లు పరుగెత్తింది. అంతకు ముందు ప్రపంచ రికార్డు 55.07 సెకన్లు, అది దీప్తిదే. మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో స్వర్ణంతో పాటు నెలకొల్పింది. మూడు నెలలు నిలిచిన రికార్డు ఫైనల్‌కు ముందు రోజు చేజారింది. ఆ రాత్రి నా మనసు మనసులో లేదు. 400 మీటర్లలో ఒకరు ఒక్కసారిగా అంత వేగం చూపించినప్పుడు మర్నాడు పక్క లైన్లలో ఉన్నవారు మొదటి రెండు వందల మీటర్లు తమ కొలతకు మించి పరుగెత్తే ప్రమాదం ఉంటుంది.

సెప్టెంబరు 3 సాయంత్రం మెట్రో 14వ లైనులో సెయింట్ డెనిస్ ప్లేయెల్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి నడిచి స్టాడ్ ద ఫ్రాన్స్ చేరాం. పారిస్ మెట్రోలో మెట్లు ఎక్కకుండా మొదటి స్టేషను నుంచి చివరి స్టేషను దాకా వెళ్లగలిగిన లైను ఇదొక్కటే. మిగతావన్నీ పాతవి, మెట్ల మీద మెట్లు. మాతో పాటు దిగినవారిలో చక్రాల కుర్చీల్లో ఉన్నవారు చాలామంది కనిపించడానికి కారణం అదేనని మా అమ్మాయి చెప్పింది. ప్రపంచ స్థాయి పోటీలు పెట్టిన నగరంలో కూడా చక్రాల కుర్చీతో బయలుదేరే ప్రేక్షకుడు ముందుగా ఏ లైను ఎక్కాలో చూసుకోవాల్సి రావడం నాకు బాధ కలిగించింది.

మైదానంలోకి అడుగుపెట్టగానే ఊదారంగు ట్రాక్ కళ్ల నిండా కనిపించింది. సున్నంతో లైన్లు గీసుకుని, ఎండలో కళ్లు చికిలించుకుంటూ స్టాప్‌వాచ్ నొక్కిన నాలాంటివాడికి ఆ ట్రాక్ కోసమైనా అంత దూరం వెళ్లవచ్చు. గ్యాలరీ నిండుగా ఉంది. బడి పిల్లలు, కుటుంబాలు, మన జెండాలు పట్టుకున్న భారతీయులు అక్కడక్కడా గుంపులుగా ఉన్నారు. మా వెనుక వరుసలో కూర్చున్న హైదరాబాద్ కుర్రవాళ్లు మా మాట విని, "అంకుల్, గా అమ్మాయి మన వరంగల్ సైడేనా?" అని అడిగారు. కల్లెడ ఎక్కడుందో, అక్కడి బడి మైదానంలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును ఎలా గుర్తించాడో, శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాద్‌కు ఎలా తీసుకువచ్చాడో, నేను పత్రికల్లో చదివినంత మేరకు వారికి చెప్పాను. తల్లిదండ్రులు కూలి పని చేసేవారు, కష్టకాలంలో పొలం అమ్ముకున్నారు. ఊళ్లో కొందరు ఆ పసిపిల్లను పిచ్చిదని వెక్కిరించేవారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం గెలిచాక వచ్చిన డబ్బుతో ఆమె ఆ కుటుంబానికి మళ్లీ పొలం కొన్నది. ఇదంతా విన్నాక ఆ కుర్రవాళ్లు పరుగు మొదలయ్యేదాకా కూర్చోలేదు.

దీప్తి పరుగెత్తే టి20, అంటే మేధోవైకల్యం ఉన్నవారి తరగతి గురించి కూడా వారికి చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే "చూస్తే బాగానే ఉంది కదా, ఈ పోటీల్లో ఎందుకు?" అని వారిలో ఒకరు మర్యాదగానే అడిగారు. ఆ ప్రశ్న చాలామంది అడుగుతారు. వైకల్యం కంటికి కనిపించకపోతే లేదనుకోవడం మన అలవాటు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోవైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. దాంతో ఆ తరగతి మొత్తాన్నే పారాలింపిక్స్ నుంచి తీసేశారు. 2004 ఏథెన్స్‌లో, 2008 బీజింగ్‌లో వారికి పతక పోటీలే లేవు. కొద్దిమంది చేసిన మోసానికి ప్రపంచంలోని మేధోవైకల్యం ఉన్న క్రీడాకారులందరూ ఏళ్ల తరబడి బయట నిలబడ్డారు. పరీక్షా పద్ధతులు కట్టుదిట్టం చేశాక 2012 లండన్‌లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లలో వారిని తిరిగి అనుమతించారు. అథ్లెటిక్స్‌లో పారిస్‌లో కూడా ఈ తరగతికి 400 మీటర్లు, 1500 మీటర్లు, లాంగ్ జంప్, షాట్‌పుట్ మాత్రమే ఉన్నాయి.

400 మీటర్లలో ఈ వైకల్యం ఎక్కడ అడ్డుపడుతుందో ఒక శిక్షకుడికి సులభంగా తెలుస్తుంది. వంద మీటర్ల పరుగులో ఉన్న బలమంతా ఒకేసారి పెట్టవచ్చు. 400లో అలా కుదరదు. మొదటి యాభై మీటర్లు ఎంత వేగంగా వెళ్లాలి, ఎదుటి స్ట్రెయిట్‌లో ఎక్కడ కాస్త వదులు చేసి పరుగును తేలిక చేయాలి, రెండో వంపులో మళ్లీ ఎప్పుడు ఊపు పెంచాలి, కాళ్లు సీసంలా బరువెక్కే చివరి ఎనభై మీటర్లకు ఎంత దాచుకోవాలి అన్న లెక్కను మెదడు క్షణక్షణం వేసుకుంటూ ఉండాలి. లైన్ల మొదలు ఒకదానికంటే ఒకటి ముందుకు ఉంటాయి కాబట్టి ఎవరు నిజంగా ముందున్నారో చివరి స్ట్రెయిట్ దాకా కంటికి తెలియదు. చూపులేని క్రీడాకారులకు పక్కన గైడ్ పరుగెత్తినట్టు ఇక్కడ ఎవరూ ఉండరు. మైదానంలో ఆ లెక్క ఆమె ఒక్కతే వేసుకోవాలి. వేల సార్లు అదే పరుగును అదే లయలో పరుగెత్తించి, శరీరానికే ఆ లెక్క నేర్పిన శిక్షణ ఎంత ఓపికతో జరిగి ఉంటుందో ఊహించుకుంటే నాగపురి రమేశ్ గారికి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

ఫైనల్ మొదలయ్యేటప్పుడు అంత పెద్ద మైదానమూ ఒక్కసారిగా మాట ఆపింది. గన్ మోగింది. దీప్తి మొదటి వంపును ధైర్యంగా, వేగంగా తీసింది. ఎదుటి స్ట్రెయిట్‌లో ఆమె అడుగు బాగా సాగింది, భుజాలు బిగుసుకోలేదు. చివరి స్ట్రెయిట్‌లో పోటీ ముగ్గురి మధ్య తేలింది. ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ 55.16 సెకన్లతో స్వర్ణం, ఓండెర్ 55.23తో రజతం, దీప్తి 55.82తో కాంస్యం గెలిచారు. మొదటి ఇద్దరి మధ్య తేడా సెకనులో వందింట ఏడు వంతులే. గీత దాటగానే మా వెనుక కుర్రవాళ్లు బెంచీల మీద ఎగిరారు. నేను లేచి నిలబడే ఉన్నాను, కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. మేధోవైకల్యం ఉన్న భారతీయ క్రీడాకారిణికి పారాలింపిక్ పతకం రావడం అదే మొదటిసారి.

ఆ రాత్రే నోటుబుక్కులో అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. హీట్‌లో ఆమె పరుగెత్తిన 55.45ను ఫైనల్లో మళ్లీ పరుగెత్తినా పతకం రంగు మారేది కాదు. కోబేలో పరుగెత్తిన 55.07ను తిరిగి తెచ్చుకుని ఉంటే మాత్రం స్వర్ణమే వచ్చేది. ఓండెర్ కూడా ముందు రోజు పరుగెత్తిన వేగాన్ని అందుకోలేకపోయింది. వరుసగా రెండు రోజులు 400 మీటర్లు పూర్తి బలంతో పరుగెత్తడం ఎంత కష్టమో ఆ ఇద్దరి సమయాలే చెబుతున్నాయి. షూలియార్ తన మంచి పరుగును సరిగ్గా ఫైనల్‌కు దాచుకుంది. కాంస్యం గెలిచిన బిడ్డను తక్కువ చేయడానికి ఈ మాట రాయడం లేదు. ఇరవై ఏళ్ల క్రీడాకారిణి తర్వాత ఎక్కడ మెరుగుపడాలో లెక్కలు చూపిస్తున్నప్పుడు వాటిని చూడకుండా ఉత్త పొగడ్తతో సరిపెట్టడం ఆమెకు చేసే మర్యాద కాదు.

ఆ సాయంత్రం అక్కడితో ఆగలేదు. టి63 హైజంప్‌లో శరద్ కుమార్ 1.88 మీటర్లు దూకి రజతం, మరియప్పన్ తంగవేలు 1.85 మీటర్లతో కాంస్యం గెలిచారు. రియోలో స్వర్ణం, టోక్యోలో రజతం గెలిచిన మరియప్పన్‌కు ఇది వరుసగా మూడో పారాలింపిక్ పతకం. ఎఫ్46 బరిసె విసురులో అజీత్ సింగ్ 65.62 మీటర్లతో రజతం, సుందర్ సింగ్ గుర్జర్ 64.96తో కాంస్యం అందుకున్నారు. ఆ ఐదు పతకాలతో మన మొత్తం ఇరవైకి చేరి, టోక్యోలో గెలిచిన 19ని దాటింది. పోటీలు ఇంకా చాలా మిగిలి ఉండగానే జట్టు తన పాత కొలతను దాటిన ఆ రాత్రి, తిరుగు మెట్రోలో ఎవరెవరో తెలియని భారతీయులు ఒకరికొకరు అభినందనలు చెప్పుకున్నారు.

మర్నాడు చూసిన క్లబ్ త్రో గురించి విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే ముప్పై ఏళ్లకు పైగా ఆటల మధ్యే బతికిన నేను అలాంటి పోటీ అంతకు ముందు కళ్లారా చూడలేదు. ఎఫ్51 తరగతిలో ఉన్నవారికి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని ఉంటుంది. కాళ్లు, నడుము పనిచేయవు, చేతుల్లోనూ బలం తక్కువ, వేళ్లు గట్టిగా పట్టుకోలేవు. సీసా ఆకారంలో ఉండే కనీసం 397 గ్రాముల చెక్క క్లబ్‌ను వారు విసరాలి. నేలకు బిగించిన ఇనుప కుర్చీలో క్రీడాకారుడిని కూర్చోబెట్టి, పట్టీలతో కాళ్లు, తొడలు, నడుము కట్టేస్తారు. ఆ కట్టడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. ప్రతి విసురుకీ ఇలా చేస్తే తెల్లవారుతుంది కనుక ఒక్కొక్కరు తమ ఆరు విసుర్లూ వరుసగా విసిరేస్తారు. అంటే మామూలు పోటీలో లాగా ఒక విసురు తప్పిపోతే పక్కకు వెళ్లి, నీళ్లు తాగి, శిక్షకుడితో మాట్లాడి వచ్చే వ్యవధి ఉండదు.

ధరంబీర్ మొదటి నాలుగు విసుర్లూ ఫౌల్ అయ్యాయి. వరుసగా నాలుగు. ఎర్ర జెండా లేచిన ప్రతిసారీ మా వరుసలో అందరూ నిట్టూర్చారు. చేతిలో మిగిలింది రెండే. అలాంటి సమయంలో పిల్లలు మెత్తగా, జాగ్రత్తగా విసరడం నేను ఎన్నోసార్లు చూశాను. అతను మాత్రం ఐదో విసురును పూర్తి ఊపుతో విసిరాడు. 34.92 మీటర్లు, ఆసియా రికార్డు, స్వర్ణం. మన ప్రణవ్ సూర్మా 34.59తో రజతం గెలిచాడు. ధరంబీర్ సోనిపట్ జిల్లావాడు, కాలువలో దూకి లోతు తెలియక రాళ్లు తగలడంతో అతని శరీరం చచ్చుబడింది. ప్రణవ్‌కు పదహారేళ్ల వయసులో తల మీద సిమెంటు రేకు పడింది. వీరిద్దరికంటే ముందు ఈ ఆటను మన దేశంలో నిలబెట్టిన అమిత్ కుమార్ సరోహా కూడా అదే ఫైనల్లో విసిరాడు, అతనికి ఆ రోజు కలిసి రాలేదు. అయినా తాను దారి చూపిన మనిషి మెడలో స్వర్ణం పడటం అతను అక్కడే ఉండి చూశాడు. అదే రోజు పారిస్ నగరం మధ్యలోని ఎన్‌వలీడ్ దగ్గర హర్విందర్ సింగ్ విలువిద్యలో మన దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడని ఫోనులో తెలిసింది.

పతకం రానివారి గురించి మన దగ్గర ఎవరూ రాయరు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన రొంగలి రవి ఎఫ్40 షాట్‌పుట్‌లో 10.63 మీటర్లు విసిరి తన అత్యుత్తమ ప్రదర్శనతో ఐదో స్థానంలో నిలిచాడు. సైన్యంలో పనిచేస్తూ మందుపాతర పేలుడులో కాలు పోగొట్టుకున్న రాయలసీమకు చెందిన కొంగనపల్లి నారాయణ, అనితతో కలిసి రోయింగ్ మిక్స్‌డ్ డబుల్ స్కల్స్‌లో ఎనిమిదో స్థానం పొందాడు. పడవ పందేలకు సరైన సౌకర్యాలు అంతంత మాత్రంగా ఉన్న దేశం నుంచి పారాలింపిక్స్ దాకా చేరడమే పెద్ద విషయం. మన తెలుగు పత్రికలు వారి గురించి రెండు మూడు వాక్యాలతో సరిపెట్టడం నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 7 రాత్రి మేము మళ్లీ స్టాడ్ ద ఫ్రాన్స్‌లో ఉన్నాం. ఎఫ్41 బరిసె విసురులో నాలుగడుగుల నాలుగంగుళాల నవ్‌దీప్ సింగ్ 47.32 మీటర్లు విసిరినప్పుడు అతని అరుపు మా వరుస దాకా వినిపించిందంటే నమ్మాలి. టోక్యోలో నాలుగో స్థానంతో వెనుదిరిగినవాడు అతను. ఆ తర్వాత ఇరాన్‌కు చెందిన సాదెగ్ బేత్ సయా 47.64 మీటర్లు విసిరి ముందుకు వెళ్లాడు. కానీ ప్రవర్తనా నియమాలు ఉల్లంఘించినందుకు అతన్ని అనర్హుడిగా ప్రకటించారు, నవ్‌దీప్‌కు స్వర్ణం దక్కింది. దీనిని అదృష్టం అన్నవారున్నారు. మూడో స్థానంలో ఉండి రజతానికి చేరిన చైనా క్రీడాకారుడి దూరం 44.72 మీటర్లు. రెండున్నర మీటర్లకు పైగా ముందున్నవాడిది అదృష్టం ఎలా అవుతుంది? అదే రాత్రి సిమ్రన్, గైడ్ అభయ్ సింగ్ చేతితో తాడు కలిపి, టి12 200 మీటర్లను 24.75 సెకన్లలో పరుగెత్తి కాంస్యం గెలిచింది. వంద మీటర్లలో నాలుగో స్థానంలో ఆగిపోయిన ఆమె, రెండు రోజుల తర్వాత అంత నిబ్బరంగా పరుగెత్తడం నన్ను ఎంతో కదిలించింది. గైడ్ ఆమెతో సమానంగా పరుగెత్తాలి, గీతను మాత్రం ఆమె కంటే ముందు దాటకూడదు. ఇద్దరి అడుగులూ ఒకే అడుగులా పడటం చూస్తే, దాని వెనుక ఎన్ని నెలల కలిసి నడక, కలిసి పరుగు ఉన్నాయో తెలుస్తుంది.

పోటీలు ముగిసేసరికి 7 స్వర్ణాలు, 9 రజతాలు, 13 కాంస్యాలు, మొత్తం 29 పతకాలతో మన దేశం 18వ స్థానంలో నిలిచింది. రియోలో మొత్తం నాలుగు పతకాలు వచ్చాయన్నది గుర్తు చేసుకుంటే ఎనిమిదేళ్లలో ఎంత మార్పో అర్థమవుతుంది. ఆ 29లో 17 అథ్లెటిక్స్‌వే, బ్యాడ్మింటన్ నుంచి ఐదు, షూటింగ్ నుంచి నాలుగు, విలువిద్య నుంచి రెండు, జూడోలో కపిల్ పర్మార్ తెచ్చిన మొదటి పతకం ఒకటి. అథ్లెటిక్స్ పతకాలను ఇంకాస్త విడదీసి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. ట్రాక్ మీద వచ్చిన నాలుగు పతకాలూ అమ్మాయిలవే: ప్రీతి పాల్‌వి రెండు, దీప్తిది ఒకటి, సిమ్రన్‌ది ఒకటి. దూకడంలో, విసరడంలో వచ్చిన పదమూడూ అబ్బాయిలవే. బరిసె, షాట్, డిస్కస్‌లలో మన అబ్బాయిలకు హర్యానా, రాజస్థాన్, మహారాష్ట్రల్లో శిక్షకులూ సీనియర్లూ ఒక గొలుసులా ఏర్పడ్డారు. అదే ఏర్పాటు విసిరే అమ్మాయిలకు లేదు. పరుగెత్తే అబ్బాయిలకూ లేదు. ఈతలో మన నుంచి వెళ్లింది ఒక్కరే. చెరువుల్లో, బావుల్లో ఈత నేర్చుకునే పల్లెలున్న దేశానికి ఇది సరిపోదు. పతకాల సంబరం మధ్యలోనే ఈ లోటు గురించి మాట్లాడుకోవాలని నేను అనుకుంటాను, ఎందుకంటే సంబరం చల్లారాక ఎవరూ వినరు.

నేను ఇంటికి వచ్చేసరికి తెలంగాణ ప్రభుత్వం దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం, శిక్షకుడికి పది లక్షలు ప్రకటించింది. ఊళ్లలో ఆమె ఫ్లెక్సీలు వెలిశాయి. నాకు తెలిసిన ఉపాధ్యాయులు ఫోన్లు చేసి, తమ బడుల్లో ఉన్న అలాంటి పిల్లల గురించి అడగడం మొదలుపెట్టారు. ఒక తల్లి తన కూతురిని తీసుకుని మా ఇంటికే వచ్చింది. ఆ బిడ్డ పరుగు చూశాను, నిజంగా మంచి పరుగు. ఆ కుటుంబంతో కలిసి తిరిగినప్పుడు తెలిసింది, మైదానానికి ముందు కాగితాల దారి ఎంత పొడుగో. మొదట సదరం శిబిరంలో వైకల్య ధ్రువీకరణ కావాలి. మేము వెళ్లిన చోట పరీక్షించవలసిన మానసిక నిపుణులు ఆ రోజు రాలేదని తిప్పి పంపారు, కూలి పోగొట్టుకుని వచ్చిన ఆ తల్లి బస్టాండులో కూర్చుని ఏడ్చింది. అంతర్జాతీయ పోటీలకైతే ఆ ధ్రువపత్రం ఒక్కటే చాలదు. మేధోశక్తి పరీక్షలో 75 లేదా అంతకంటే తక్కువ వచ్చినట్టు, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉన్నట్టు, అది చిన్న వయసు నుంచే ఉన్నట్టు నిపుణుల నివేదికలతో నిరూపించి, మేధోవైకల్యం ఉన్న క్రీడాకారుల అంతర్జాతీయ సంస్థ వర్టస్ ఆమోదం పొందాలి. ఆ తర్వాత ఆ క్రీడలో వైకల్యం ఎంత అడ్డుపడుతుందో వేరే పరీక్షలు ఉంటాయి. సిడ్నీలో జరిగిన మోసం తర్వాత ఇంత కట్టుదిట్టం అవసరమే. అయితే ఆ నివేదికలు రాయించే స్తోమత, తెలివిడి కూలి చేసుకునే తల్లిదండ్రులకు ఉండవు. ఆ పనిని బడీ, మండల విద్యాశాఖా చేతుల్లోకి తీసుకోవాలని నేను కలిసిన ప్రతి ప్రధానోపాధ్యాయుడినీ అడుగుతున్నాను. ఆ బిడ్డ సదరం పత్రం మాత్రం తర్వాతి శిబిరంలో చేతికొచ్చింది. ఇప్పుడు తన బడి పీఈటీ దగ్గర పొద్దున పూట 400 మీటర్ల సాధన చేస్తోంది.

2025 సెప్టెంబరు చివర మొదలై అక్టోబరు మొదటి వారం దాకా ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగాయి. మన దేశం అలాంటి పోటీలకు ఆతిథ్యం ఇవ్వడం అదే మొదటిసారి. 6 స్వర్ణాలు, 9 రజతాలు, 7 కాంస్యాలతో మొత్తం 22 పతకాలు గెలిచాం, కోబేలో వచ్చిన 17 కంటే ఐదు ఎక్కువ. దీప్తి పరుగును ఈసారి ఆ బిడ్డతో, వాళ్లమ్మతో కలిసి మా ఇంట్లో చూశాను. ఆమె 55.16 సెకన్లలో గీత దాటింది. పారిస్‌లో స్వర్ణానికి సరిపోయిన సమయం అది. ఓండెర్ ఇంకా ముందుకు వెళ్లిపోవడంతో దీప్తికి రజతం దక్కింది. "సార్, ఈ అక్క మీద గెలవాల్నంటే ఎంతల ఉరకాలె?" అని ఆ బిడ్డ నన్ను అడిగింది. ముందు 65 సెకన్ల లోపు ఉరుకు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఓండెర్‌ను అందుకోవాలంటే దీప్తికి 55 సెకన్ల గడప దాటడం తప్పదు, ఆ సత్తువ ఆమె కాళ్లలో ఉందని కోబేలోనే చూపించింది.